శబ్దం సిలబస్‌లో లేదు

రాష్ట్రంలో ఇంజనీర్లకు సృజనాత్మకత తగ్గిపోతోందని ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చాక ప్రభుత్వం ఊరికే కూర్చోదు కాబట్టి కమిటీ వేసింది. కమిటీ కూడా ఊరికే కూర్చోదు కాబట్టి విదేశాలకు వెళ్లింది. అక్కడ ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో, కాఫీ మిషను పక్క గోడకి, ఒక గిటార్ వేలాడుతూ కనిపించింది. ఆ కంపెనీ ఇంజనీర్లు తెలివైనవాళ్లన్నది లోకమంతటికీ తెలిసిందే. గోడకి గిటార్ ఉన్నదీ సభ్యులు కళ్లారా చూసిందే. ఈ రెంటికీ లంకె కుదర్చడానికి కమిటీ మరో రెండు దేశాలు తిరిగి, వచ్చి నివేదిక ఇచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం చివర్లో ‘గిటార్ స్వరసిద్ధాంత పరీక్ష’ పెట్టాలని, అందులో తెచ్చుకున్నదాన్ని బట్టి ఇంజనీరింగ్ సీటుకి ఐదు మార్కుల వెయిటేజీ ఇవ్వాలని దాని సారాంశం.

అర మార్కు తేడాలో వెయ్యిమంది ముందుకో వెనక్కో పోయే రాష్ట్రంలో ఐదు మార్కులంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. జీవో వచ్చిన మర్నాటికి విజయవాడలో ప్రతి కరెంటు స్తంభానికీ ఒక గిటార్ బొమ్మ, దాని కింద ఒక ఫోన్ నంబరూ వేలాడాయి.

నా పేరు ఏసురత్నం. మాది తెనాలి. చిన్నప్పుడు చర్చిలో క్వయర్ వెనక నిలబడి గిటార్ పట్టుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించాను. ఈమధ్య పెళ్లిళ్లలో మా స్థానంలో డీజే పెట్టెలు వచ్చాయి. పెట్టెలకి భోజనం పెట్టక్కర్లేదు, వాటిని బస్టాండులో దింపక్కర్లేదు. అందుకని ఆ స్తంభాల మీది నంబర్లలో ఒకదానికి నేనూ ఫోన్ చేశాను. అది మహోన్నత జూనియర్ కళాశాలల వారిది.

ఇంటర్వ్యూ చేసినాయన ఏజీఎం భుజంగరావు గారు. ఏజీఎం అంటే ప్రిన్సిపాల్ లేచి నిలబడే మనిషి. హైవే పక్కనున్న అమ్మాయిల హాస్టల్ క్యాంపస్ అంతా ఆయన చేతికిందే నడుస్తుంది.

“మీ రిజల్ట్ ఎంతండీ?” అన్నారు కూర్చోగానే.

“రిజల్టంటే?”

“మీ దగ్గర నేర్చుకున్నోళ్లలో వందలోపు ర్యాంకులెన్ని?”

“ర్యాంకుల్లేవండీ. నలుగురు చర్చిల్లో వాయిస్తన్నారు. ఒకడు ఓడ మీద వాయిస్తన్నాడు.”

“ఓడని ప్లేస్‌మెంటు కింద వేద్దాం. సరే, డెమో ఇవ్వండి.”

నేను గిటార్ తీసి ఒక్కసారి మీటానో లేదో ఆయన రెండు చేతులూ పైకెత్తారు. “ఆపండాపండి! డెమో అంటే వాయించటం కాదండీ బాబూ. బోర్డు మీద చెప్పండి.”

బోర్డు మీద చెప్పడానికి అప్పటికి నాకు స్కేళ్ల పేర్లు తెలియవు. పాట వింటే వేళ్లే దారి చూసుకునేవి. అయినా బోర్డు మీద గిటార్ బొమ్మ వేసేసరికి ఉద్యోగం ఇచ్చారు. నాకు ముందు ఇంటర్వ్యూకి వచ్చిన మనిషికి అది కూడా రాలేదట. వెంటనే నా చేతిలో దిండంత లావు మెటీరియల్ పెట్టారు.

దాచుకోవడం దేనికి, ఆ మెటీరియల్ చదువుతుంటే నాకు పిచ్చి సంతోషం వేసింది. ఇన్నేళ్లూ నా వేళ్లు తిరిగిన వీధులకి పేర్లున్నాయని అప్పుడే తెలిసింది. మేజర్ స్కేలంటే బ్రహ్మవిద్యేమీ కాదు. గిటార్ మెడ మీద అడ్డంగా కమ్ములుంటాయి. కమ్మికీ కమ్మికీ మధ్య ఒక మెట్టు. ఎక్కడ మొదలుపెట్టినా సరే, రెండు మెట్లు, రెండు మెట్లు, ఒక మెట్టు, ఆ పైన రెండు, రెండు, రెండు, చివరికి ఒకటి ఎక్కితే సరిగమపదనిస మొత్తం వచ్చేస్తుంది. ఇంత చిన్న లెక్కలోంచి ఇన్ని పాటలు ఎలా వచ్చాయా అని బస్సులో కూర్చుని ఒక్కణ్నే నవ్వుకున్నాను. ఈ సంగతి పిల్లలకి ఎప్పుడు చెబుదామా అని తెగ తొందరపడ్డాను.

మొదటి బ్యాచ్‌కి కొత్త గిటార్లు వచ్చాయి. చైర్మన్ గారు కొబ్బరికాయ కొట్టి, ఒక్కో గిటార్‌కీ పసుపురాసి కుంకుమ పెట్టారు. పురోహితుడు ఆయుధపూజ మంత్రాలే చదివాడు. గిటార్‌కి వేరే మంత్రాలు ఉంటే ఎవరూ ఆయనకి చెప్పలేదు. మర్నాడు క్లాసులో పిల్లలందరికీ ఒక్కో గిటార్ ఇచ్చి, “మీ ఇష్టమొచ్చినట్టు మీటండి, ఈ రోజుకి అంతే” అన్నాను. ఆ మోత పక్క గదిలో ఫిజిక్స్ చెప్పే ఆయనకి బోర్డు మీద గీత వంకర పోయేంతగా ఉంది. పిల్లలు పడీపడీ నవ్వారు. రెండో బెంచీలో కుందన అనే అమ్మాయి అయితే గిటార్‌కి చెవి ఆనించి, ఒకే తీగని మళ్లీ మళ్లీ మీటుతూ, గంట కొట్టినా లేవలేదు.

మా దురదృష్టం, ఆ రోజు ఆదివారం. హాస్టల్ కాలేజీలో ఆదివారం కూడా క్లాసులుంటాయి, తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చేదీ ఆ రోజే. కుందన వాళ్ల నాన్న ఆంజనేయులు గారిది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. పచ్చళ్ల సీసాలు పట్టుకుని వచ్చి, కిటికీలోంచి కూతుర్ని చూసి, నేరుగా ఏజీఎం గదిలోకి నడిచారు. సంజాయిషీ కోసం నన్నూ పిలిపించారు.

“మా అమ్మాయి నవ్వతందండీ” అన్నారు ఆంజనేయులు గారు.

భుజంగరావు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. “ఎప్పట్నించి?”

“ఇప్పుడే చూశా. క్లాసులోనే. చేతిలో గిటార్ పెట్టుకుని. అదేందండీ సారూ, ర్యాంకొస్తే గిటార్ కొనిస్తానని దానికి నేను మాటిచ్చా. ఆ ఆశ మీదే అది చదవతంది. మీరు ఇప్పుడే వాయించనిస్తే ఇంక ర్యాంకెట్టా వస్తది?”

ఏజీఎం గారు సిలబస్ కాపీ తెప్పించి మొదటి పేజీ నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివారు.

“స్కేళ్లున్నాయి. మూడేసి స్వరాలు కలిపిన కార్డులున్నాయి. మోడ్‌లున్నాయి. ఏసురత్నం గారూ, ఇందులో శబ్దం ఎక్కడుందో చూపించండి.”

నిజమే, ఎక్కడా లేదు. అది సిద్ధాంత పరీక్ష.

“సంస్థ దృష్ట్యా, విద్యార్థినుల ఏకాగ్రత దృష్ట్యా, పక్క సెక్షన్ ఫిజిక్స్ దృష్ట్యా, రేపట్నుంచి సైలెంట్ ప్రాక్టీసు” అన్నారు. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ కటింగ్ ప్లేయరు పట్టుకుని వచ్చి తీగలన్నీ కత్తిరించి చుట్టలు చుట్టి తీసుకుపోయాడు. వాటి మీద హాస్టల్ వెనకాల తువ్వాళ్లు ఆరేశారు.

“తీగల్లేకుండా గిటార్ ఎట్టా చెప్పమంటారండీ?” అని నేను మొత్తుకున్నాను.

“కెమిస్ట్రీ వాళ్లు ఎలక్ట్రాన్ గురించి చెప్తన్నారు కదా. ఎలక్ట్రాన్ని తెచ్చి చూపిస్తన్నారా? లేదే! మరి మనకి రిజల్ట్ రావట్లా?” అన్నారు భుజంగరావు గారు. ఆయన మాటల్లో తప్పు ఎక్కడుందో ఆ రోజంతా వెతికాను. బయట ఎక్కడైనా అయితే దొరికేదే గాని ఆ ప్రహరీ లోపల దొరకలేదు.

ఇక చదువు ఊపందుకుంది. తెల్లవారుజాము స్టడీ అవర్‌లో మేజర్ స్కేళ్లు, టిఫిన్‌కి ముందు మైనర్ స్కేళ్లు, ప్రతి శనివారం స్లిప్ టెస్టు, తప్పులకి ఎర్రర్ లిస్టు. షార్ప్‌లనే ఒక మెట్టు పెంచిన స్వరాలు ఏ వరసలో వస్తాయో గుర్తుండటానికి, అంటే ఎఫ్, సీ, జీ, డీ, ఏ, ఈ, బీ అన్న వరసకి, మా మెటీరియల్ వాళ్లు ఒక చిట్కా కనిపెట్టారు: “ఫ్రిజ్‌లో చికెన్, గోంగూర దాచి ఆదివారం ఈశ్వర్ బొక్కాడు.” హాస్టల్ మెస్సులో ఎప్పుడూ దొండకాయే కాబట్టి ఆ వాక్యాన్ని పిల్లలు జన్మలో మర్చిపోలేదు. చికెన్ దగ్గరికి వచ్చేసరికి కొందరు లొట్టలు వేసేవాళ్లు.

ఒక రోజు డౌట్ సెషన్‌లో కుందన లేచి నిలబడింది.

“సార్, మేజర్ స్కేల్ స్వభావం సంతోషం, మైనర్ స్కేల్ స్వభావం విషాదం. ఇది బిట్టు నంబరుతో సహా వచ్చు సార్.”

“వస్తే ఇంక డౌటేంటమ్మా?”

“ఎంత సంతోషం సార్?”

నేను సుద్దముక్క బల్ల మీద పెట్టాను.

“మా నాన్న గిటార్ కొన్నాక ఫస్టు మేజర్ స్కేలే వాయిద్దామని అనుకున్నా సార్. రోజూ తెల్లారుజామున లేచేది దానికే. ర్యాంకు గీంకు నాకేం వద్దు, గిటార్ కావాలి. కానీ అదెట్టా ఉంటదో తెలీకుండా ఎన్నాళ్లు చదవను? ఒక్కసారి వినపడితే చాలు సార్.”

నాకు మనసు ఆగలేదు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, స... రి... గ... అని మూడు స్వరాలు ఎక్కానో లేదో వరండాలో ఫ్లోర్ ఇన్‌చార్జ్ ఈల వేసింది. ఈల శబ్దం మాత్రం సిలబస్‌లో ఉందో లేదో నేను అడగలేదు. గంటలో నాకు మెమో వచ్చింది. ‘తరగతి గదియందు ముందస్తు అనుమతి లేకుండా ధ్వనిని ఉత్పత్తి చేసి, తద్వారా విద్యార్థినులకు ఆనందము కలుగజేసినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో’ తెలపమన్నారు. ఇకమీదట మనసులో కూడా కూని రాగాలు తీయనని రాసిచ్చాను. క్లాసులో కుందన మొహం చూడలేక రెండు రోజులు బోర్డు వైపే తిరిగి పాఠం చెప్పాను.

తీగలు పోయాక గిటార్ల వల్ల ఇంకే ఇబ్బందీ ఉండదనుకున్నాం, కానీ చోటు ఇబ్బంది వచ్చింది. కొత్త అడ్మిషన్లకి మంచాలు చాలక గిటార్లు పడుకునే చోట పిల్లల్ని పడుకోబెట్టాల్సి వచ్చింది. భుజంగరావు గారు నన్ను పిలిచి, “స్కేళ్లన్నీ ఎక్కడుంటాయండీ?” అన్నారు.

“మెడ మీదండీ.”

“మరి ఆ పొట్ట దేనికి?”

“శబ్దం పెద్దదవడానికండీ.”

నేనా మాట అనకుండా ఉండాల్సింది. వడ్రంగులు వచ్చి మెడలన్నీ కోసేశారు. పొట్టలకి నడుమ గుండ్రంగా కన్నం ఎలాగూ ఉంది కాబట్టి వాటిని అంతస్తుకొకటి చొప్పున గోడకి కొట్టి, ‘ఫిర్యాదులు ఇందులో వేయండి’ అని రాశారు. మెడలు పిల్లల చేతికిచ్చారు. వారం తిరక్కుండా పిల్లలు చున్నీని బంతిలా చుట్టి, ఆ మెడలతో వరండాలో క్రికెట్ మొదలుపెట్టారు. కుందన సిక్సరు కొడితే వార్డెన్ గది కిటికీ పగిలింది. వెంటనే మెడలు కూడా వెనక్కి తీసేసుకుని, వాటి బొమ్మని స్టిక్కర్లుగా అచ్చువేయించి బెంచీలకి అంటించారు. బొమ్మ చివర, తీగలు బిగించే బిరడాలు ఉండాల్సిన చోట, చైర్మన్ గారి ఫోటో వేశారు.

ఇన్ని జరిగినా ఆ బొమ్మ మీద పిల్లల ఎడమచేతి వేళ్లు పరిగెత్తడం చూస్తే నాకు మతిపోయేది. ఏ స్కేల్ పేరు చెప్పినా రెప్పపాటులో సరైన మెట్ల మీద వాలేవి. అందరికన్నా వేగం కుందనది. ఆమె వేళ్లు పరిగెడుతుంటే పక్క పిల్ల చదువు ఆపి చూసేది. హాలంతా ఒక్క చిన్న చప్పుడు ఉండేది కాదు. చైర్మన్ గారు తనిఖీకి వచ్చి, అరగంట నిలబడి, “ఇదయ్యా సంగీతమంటే!” అని వెళ్లారు.

పరీక్ష వచ్చింది. మా పిల్లలు ఈశ్వర్‌ని తల్చుకుంటూ వెళ్లారు. బయటికి రాగానే కుందన నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి బావురుమంది. ఒక ప్రశ్న ఇలా ఇచ్చారట: సాధారణ గిటార్‌కు తీగలు ఎన్ని? ఎ) నాలుగు, బి) ఆరు, సి) ఏడు, డి) పైవేవీ కావు.

“ఆరు కదమ్మా!” అన్నాను.

“ఫస్ట్ రోజు చూసినప్పుడు ఆరే సార్, నాకు గుర్తుంది. కానీ తర్వాత అచ్చేసిన కొత్త మెటీరియల్ అట్ట మీద మన గిటార్ ఫోటో ఉందిగా సార్? దానికి తీగల్లేవు. మెటీరియల్ తప్పవదని ఏజీఎం సార్ రోజూ చెప్తారుగా. డి పెట్టేశా సార్. ర్యాంకు పోయింది. గిటార్ పోయింది.”

విచారిస్తే మా క్యాంపస్‌లో ఒక్కరు కూడా బి పెట్టలేదు. ఆరువందల మందీ డి. తీగలున్న గిటార్‌ని జన్మలో ఒక్కసారి చూసిన ఏ పిల్లా చెయ్యని తప్పు అది. రోజూ గిటారే చదివిన మా పిల్లలు మాత్రమే చెయ్యగలరు. కుందన మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే నాకూ కళ్లనీళ్లు వచ్చాయి. ఆ తీగలు కత్తిరించిన రోజే ఉద్యోగం మానేసి పోవాల్సిందని నన్ను నేను తిట్టుకున్నాను.

భుజంగరావు గారు మాత్రం ఇసుమంతైనా చలించలేదు. “ఆరువందల మంది ఒకే జవాబు పెడితే అది తప్పెట్టా అవుద్దండీ? కీ తప్పు” అన్నారు. ఇంటర్ బోర్డుకి అభ్యంతరం పంపారు. బోర్డు నిపుణుల సంఘం వేసింది. ఆ సంఘం ముందు మా సంస్థ తరఫున ఒక ఫిర్యాదుల పెట్టెనీ, ఒక మెడనీ ప్రవేశపెట్టి, ‘ఈ వస్తువు గిటార్ కాదని చెప్పగలరా?’ అని నిలదీశారు. సంఘం సభ్యులు వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు. గిటార్ కాదంటే మరేమిటో వాళ్లే చెప్పాల్సి వస్తుంది. చివరికి ‘తీగలు వాయిద్యములో అంతర్భాగమా లేక అదనపు సౌకర్యమా అను విషయమై నిపుణులలో ఏకాభిప్రాయము లేనందున’ బి, డి రెండూ సరైనవేనని తేల్చారు.

అలా కుందనకి రాష్ట్రంలో మొదటి ర్యాంకు వచ్చింది. టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు అని ఒకావిడ ఊపిరి తీసుకోకుండా చదివింది. రాష్ట్రంలో ఒకే ఒకటి ఉన్నా మా సంస్థకి మూడు ఒకట్లు వచ్చాయి. ఆ కిటుకు నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆడిటోరియంలో సన్మానం పెట్టారు. ఆరువందల మంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, టీవీ కెమెరాలు. నలుగురు మోసుకొచ్చి కుందన చేతిలో తలుపంత ఎత్తు థర్మకోల్ గిటార్ పెట్టారు. దాని మీద చైర్మన్ గారు నవ్వుతున్నారు. దాన్ని పట్టుకుంటే వెనకాల కుందన కనిపించడం మానేసింది. ఆంజనేయులు గారు ముందు వరసలో కూర్చుని, పక్కనున్నాయనకి, పక్కనున్నాయన పక్కనున్నాయనకి కూడా, “మా అమ్మాయే” అని చెబుతున్నారు.

అంతలో ఒక టీవీ చానెల్ అమ్మాయి మైకుతో వేదికెక్కింది. ఆమె తనతో ఒక మామూలు గిటార్ తెచ్చుకుంది. “స్టేట్ ఫస్ట్ ర్యాంకర్ మన కోసం లైవ్‌లో ఏదైనా వాయిస్తారు!” అంది.

భుజంగరావు గారు ఒక్క అంగలో మైకు దగ్గరికి వెళ్లారు. “క్వశ్చన్ అడగండి మేడమ్. ఏ మోడ్ నుంచైనా, ఏ కార్డ్ నుంచైనా. నాలుగు ఆప్షన్లు ఇవ్వండి. సెకన్లో చెప్తది.”

“అవన్నీ ఎందుకు సార్, వాయిస్తే సరిపోద్దిగా!”

“వాయించటం అంటే... సంస్థ పాలసీ ప్రకారం...”

కుందన అప్పటికే థర్మకోల్ గిటార్‌ని వదిలేసింది. అది నెమ్మదిగా ఒరిగి చైర్మన్ గారి మీద పడింది. ఆ హడావిడిలో నేను గబగబా వేదికెక్కి, ఆ చానెల్ వాళ్ల గిటార్ బిరడాలు తిప్పి శ్రుతి చేసి, కుందనని కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్లో పెట్టాను. మెమో గురించి అప్పుడు నాకు గుర్తే లేదు.

కుందన ఎడమచేతికి అంతా వచ్చు. కుడిచేతికి ఆ మొదటి రోజు తర్వాత తెలిసిందల్లా ఓఎంఆర్ షీటులో సున్నాలు నింపడం ఒక్కటే. బొటనవేలితో కింది సన్నతీగని భయంభయంగా మీటింది. మోగింది. ఉలిక్కిపడి నావైపు చూసింది.

“సార్, ఇది మోగతంది!”

“మోగనీ అమ్మా. ఎక్కు. రెండు మెట్లు.”

రెండు మెట్లెక్కి మీటింది. రి. హాల్లో ఎవరో ఒక పిల్ల మెల్లగా “రెండు” అంది. మళ్లీ ఎక్కింది. గ. ఈసారి ఓ యాభై గొంతులు “రెండు” అన్నాయి. మ. “ఒకటి!” అని సగం హాలు. ఏడాదిపాటు బెంచీల మీద గుడ్డిగా తిరిగిన వేళ్లవి. తాము ఏ ఊళ్లో తిరిగారో ఆ పిల్లలకి ఇప్పుడు తెలుస్తోంది. కొందరు లేచి నిలబడ్డారు. కొందరు పక్కవాళ్లని గిల్లి, “ఇదేనే మేజర్! సంతోషమంటే ఇదేనే!” అని అరుస్తున్నారు. ప. “రెండు!” ద. “రెండు!” ని. “రెండు!”

సరిగ్గా అక్కడ ఫోటోగ్రాఫర్ అడ్డం వచ్చి, “ఒక్క నిమిషం ఆపమ్మా, ఇటు చూడు” అన్నాడు.

కుందన ఆపింది. మా మెటీరియల్‌లో ఒక బిట్టు ఉంది. ఏడో స్వరం లక్షణం ఏమిటి? జవాబు: ఇంటికి చేరాలని తపించుట. ఆరువందల మందికీ అది కంఠతా వచ్చు, ఎర్రర్ లిస్టులో ఎవరికీ ఎప్పుడూ పడలేదు. కానీ ఆ తపన ఎలా ఉంటుందో వాళ్ల చెవికి తెలిసింది ఆ క్షణంలోనే. స్వరం గాల్లో వేలాడుతోంది. ఫోటోగ్రాఫర్ లెన్సు తిప్పుకుంటున్నాడు. దసరా సెలవులకి కూడా ఇంటి మొహం చూడని ఆరువందల మంది హాస్టల్ పిల్లలు కుర్చీల అంచుకి వచ్చేసి, పిడికిళ్లు బిగించి, ఇంక ఉండబట్టలేక ఒక్కసారిగా “ఒకటీ!” అని కేక పెట్టారు. కుందన చివరి మెట్టెక్కి మీటింది. స.

ఆ తర్వాత హాల్లో జరిగిన దాన్ని చప్పట్లంటే తక్కువ చేసినట్టే. పిల్లలు కుర్చీలెక్కారు. ఫ్లోర్ ఇన్‌చార్జ్ ఈల వేసి వేసి, ఎవరూ వినక, చివరికి తాళానికి తగ్గట్టు వేయడం మొదలుపెట్టింది. కుందన ఏడుస్తూ నవ్వుతూ ఆ ఎనిమిది స్వరాలనే మళ్లీ కిందకీ పైకీ వాయిస్తోంది. నేను అక్కడే, వేదిక మీద, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వాయించినన్నాళ్లూ నాకు అంతటి చప్పట్లు ఎప్పుడూ రాలేదు. అవి నావి కాకపోయినా పట్టలేనంత సంతోషం వేసింది.

ఆంజనేయులు గారు వేదికెక్కి వచ్చారు. కండువాతో కళ్లు తుడుచుకున్నారు. కూతురి తల మీద చెయ్యి వేసి, “బాగుందమ్మా. శానా బాగుంది” అన్నారు. తర్వాత గిటార్‌ని ఆమె ఒళ్లోంచి జాగ్రత్తగా తీసి చానెల్ అమ్మాయికి ఇచ్చేశారు.

“నాన్నా, మనం ఎప్పుడు కొనుక్కుందాం?” అంది కుందన.

“ర్యాంకు వచ్చేసింది కదమ్మా” అన్నారాయన, ఎంతో ప్రేమగా. “ఇంక గిటార్ దేనికి?”

కుందన మొహంలోంచి ఆ వెలుగు పోవడం నా కళ్లతో చూశాను. ఆయనది మాట తప్పే గుణం కాదు. పైకి ఎక్కేశాక నిచ్చెన ఎందుకని ఎవరైనా అడుగుతారే, అంతే అమాయకంగా అడిగారు. నా వైపు తిరిగి, “మీరన్నా చెప్పండి సార్. ఐదు మార్కులూ వచ్చేసినాయిగా?” అన్నారు.

సంగీతం మనిషికి ఎందుకో ఆయనకి చెప్పాలని నోరు తెరిచాను. చర్చి గురించి, పెళ్లిళ్ల గురించి, ఒంటరిగా ఉన్నప్పుడు ఒళ్లో గిటార్ ఉండటం గురించి చాలా మాటలు గొంతుదాకా వచ్చాయి. కానీ నేను కూడా ఏడాదిగా మహోన్నతలో పనిచేస్తున్నవాణ్నే కదా. పక్కకి చూశాను. భుజంగరావు గారు చెవి ఇటే పెట్టి నిలబడ్డారు.

“అప్పుడే ఆపేస్తే ఎట్టాగండీ?” అన్నాను గొంతు తగ్గించి. “సెకండియర్‌లో ప్రాక్టికల్ పెడతన్నారంట. ఇంకా బయటికి రాలేదు. వాయించి వినిపించాలంట.”

ఆంజనేయులు గారి మొహం మారిపోయింది. “ఎన్ని మార్కులు?”

“ఐదు.”

“రోజుకెన్ని గంటలు వాయించాలి?”

“ఎన్ని గంటలైనా తక్కువేనండీ.”

ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, మెళ్లో దండ కూడా తియ్యనివ్వకుండా, మెట్లు దిగి, “ఏలూరు రోడ్డులో గిటార్ షాపు ఎక్కడుందయ్యా?” అని డ్రైవర్‌ని కేకేసుకుంటూ వెళ్లిపోయారు. కుందన వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను బోర్డు వైపు తిరిగే అలవాటు కొద్దీ తెర వైపు తిరిగిపోయాను.

నా అబద్ధం నాకంటే వేగంగా నడిచింది. ఆ సాయంత్రానికే మా సంస్థ ‘ప్రాక్టికల్ స్పెషల్ బ్యాచ్’ ప్రకటించింది. మర్నాడు మిగతా కాలేజీలు ప్రకటించాయి. ఆ పై రోజు పేపర్లో ప్రాక్టికల్ ఎప్పుడని తల్లిదండ్రులు నిలదీశారు. తాను ఎప్పుడు నిర్ణయించిందో ప్రభుత్వానికే గుర్తులేకపోయినా, ఇంతమంది అంటున్నారంటే నిర్ణయించే ఉంటామనుకుని జీవో ఇచ్చింది. ఐదు మార్కులు. భుజంగరావు గారు నన్ను పిలిచి, ముందే సమాచారం రాబట్టినందుకు శాలువా కప్పి, కొత్త గిటార్లకి ఆర్డర్ పెట్టమన్నారు. తీగలతో సహా పెట్టాను.

వేసవి సెలవుల్లో కుందన గుంటూరు నుంచి ఫోన్ చేసింది. “సార్, ఒక పాట దొరికింది సార్, నేనే పట్టుకున్నా. వినండి” అని ఫోన్ పక్కన పెట్టి వాయించడం మొదలుపెట్టింది. తప్పులున్నాయి. ఒకచోట ఆగి, వెతుక్కుని, నవ్వుకుని, మళ్లీ ఎక్కింది. చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాను.

వెనకాల్నుంచి ఆంజనేయులు గారి కేక వినపడింది. “ఏందమ్మా ఆ మెల్లగా వాయించేది? ఎగ్జామినర్‌కి వినపడొద్దా? గట్టిగా కొట్టు, వీధంతా వినపడాల!”